ఫంగస్ కనబడింది సరే, బాబు తూకం చూశారా?

పరకాల వైపు ఒక ఊరి నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. చాలా పొడవుగా ఉంది కాబట్టి కుదించి చెబుతున్నాను.

ఆమెకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడికి 11 ఏళ్లు, ఆరో తరగతి. భర్త మస్కట్‌లో పని చేస్తారు. ఇంట్లో అత్తమ్మ, మరిది కుటుంబం అంతా కలిసే ఉంటారు. మరిదికి మెడికల్ షాపు ఉంది. పోయిన ఏడాది వానాకాలం మొదట్లో బాబుకు కడుపునొప్పి, రోజుకు నాలుగైదు మోషన్స్ మొదలయ్యాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ మూడుసార్లు యాంటీబయాటిక్ కోర్సు ఇచ్చారు. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. దసరా తర్వాత రెండు మూడుసార్లు మోషన్‌లో నెత్తురు పడింది. హన్మకొండలో పిల్లల డాక్టర్ చూసి, రక్తం తక్కువగా ఉందని, పేగులో వాపును చూపే కాల్‌ప్రొటెక్టిన్ అనే మల పరీక్షలో ఉండాల్సిన దానికంటే చాలా ఎక్కువగా 1,400 వచ్చిందని చెప్పి హైదరాబాద్ పంపారు. సంక్రాంతికి ముందే అక్కడ కొలనోస్కోపీ, బయాప్సీ చేశారు. చిన్నపేగు చివర పుండ్లున్నాయి, ఇది క్రోన్స్ (పేగుల్లో విడవని వాపు, పుండ్లు తెచ్చే జబ్బు) అన్నారు. ఎనిమిది వారాలు అన్నం, కూర ఏమీ లేకుండా ఒక ప్రత్యేకమైన ద్రవాహారం మీదే ఉంచాలని, తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే అజథయోప్రిన్ అనే మాత్ర వాడాలని చెప్పారు.

ఇంటికొచ్చాక మరిది రిపోర్టులు తిరగేసి రెండు లైన్లు పట్టుకున్నారు. మల పరీక్షలో ‘ఈస్ట్ సెల్స్ కనబడ్డాయి’ అని ఉంది. రక్త పరీక్షలో ‘యాంటీ సాకరోమైసిస్ యాంటీబాడీ పాజిటివ్’ అని ఉంది. సాకరోమైసిస్ అంటే బ్రెడ్‌లో వేసే ఈస్ట్ అని, ఈస్ట్ ఒక రకం ఫంగస్ అని ఫోన్లో చూశారు. "వదినా, ఇది క్రోన్సూ కాదు ఏం కాదు, కడుపుల ఫంగస్. దీనికి జీవితాంతం మందులెందుకు?" అన్నారు. అప్పటి నుంచి బాబుకు ఫంగస్‌ను చంపే ఫ్లూకొనజోల్ మాత్రలు, పొద్దునొక ప్రోబయాటిక్ (మేలు చేసే సూక్ష్మజీవుల) పొడి ప్యాకెట్. బ్రెడ్డు, బిస్కెట్లు, చక్కెర, ఇడ్లీ, దోసె, పెరుగు, పండ్లు అన్నీ బంద్. అత్తమ్మ మాత్రం కడుపుకు సలవ చేస్తుందని పొద్దుటి ఈతకల్లు అప్పుడప్పుడు అర గ్లాసు పోస్తున్నారు. ఇట్లా నెలన్నర గడిచింది. వచ్చే నెల ఆడపడుచు కూతురి పెళ్లి ఉంది.

ఆమె ముఖ్యంగా అడిగింది మూడు. ఇది ఫంగసా, క్రోన్సా? ఆ యాంటీబయాటిక్‌లు ఇప్పించి నేనే నా కొడుకును పాడు చేసుకున్నానా? భర్త ఊళ్లో లేని ఇంట్లో మరిది మాట కాదని ఎట్లా నడవాలి?

సమాధానం:

అమ్మా, ఉత్తరం చదువుతూ నేను ఆగిపోయిన చోటు ఫంగస్ దగ్గర కాదు, బెల్లం దగ్గర. 2024 మేడారం జాతరకు బాబు ఎత్తు బంగారం, అంటే అతని బరువుకు సరితూగే మొక్కు బెల్లం, తూస్తే 27 కిలోలు పట్టింది. ఈ జనవరి జాతరకు మళ్లీ తూస్తే 27న్నర. "పోయినసారి అంతే అయింది, పైసలు మిగిలినయ్ అని నవ్వుకున్నం" అని రాశారు. ఇప్పుడు చూస్తే 25న్నర ఉన్నాడట.

తొమ్మిదేళ్ల పిల్లవాడు పదకొండుకు వచ్చేసరికి మామూలుగా ఐదారు కిలోల బరువు, ఓ పది సెంటీమీటర్ల ఎత్తు పెరగాలి. మీ బాబు రెండేళ్లలో అర కిలో పెరిగాడు. అంటే ఇది పోయిన వానాకాలంలో మొదలైన జబ్బు కాకపోవచ్చు. పిల్లల్లో క్రోన్స్ చాలాసార్లు ఇలాగే వస్తుంది. మోషన్స్ కంటే ముందు ఎదుగుదల ఆగుతుంది. పేగులో వాపు ఒకవైపు తిన్నదాన్ని ఒంటికి పట్టనివ్వదు, మరోవైపు ఎదుగుదల హార్మోన్ల పనికి అడ్డం పడుతుంది. ఈ రెండు తూకాల సంగతి హైదరాబాద్ డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. స్కూల్లో ఎత్తు, బరువు రాసిన కార్డులుంటే అవీ తీసుకెళ్లండి. ఏ ల్యాబూ ఇవ్వలేని రిపోర్టు అది.

ఇక ఫంగస్. మీ మరిది చదివిన కాగితం నిజమే. అర్థం చేసుకున్న తీరులోనే పొరపాటు జరిగింది.

పేగులో ఫంగస్ లేని మనిషి ఉండడు. మీలో ఉంది, నాలో ఉంది, మీ మరిదిలోనూ ఉంది. పేగులోని సూక్ష్మజీవుల్లో దాదాపు అంతా బ్యాక్టీరియానే, ఫంగస్ వాటా నూటికి ఒకటి కూడా ఉండదు. కానీ ఉంటుంది. ముఖ్యంగా కాండిడా అనే రకం. మూడుసార్లు యాంటీబయాటిక్ పడితే బ్యాక్టీరియా తగ్గి, ఖాళీ దొరికి ఆ కాండిడా కాస్త ఎక్కువవుతుంది. కాబట్టి మల పరీక్షలో ఈస్ట్ కనబడటం వింత కాదు. దాన్ని బట్టి ఏ జబ్బునూ తేల్చరు.

రెండో లైను ఇంకా తిరకాసుది. ‘యాంటీబాడీ పాజిటివ్’ అంటే బాబుకు ఈస్ట్ ఇన్ఫెక్షన్ ఉందని కాదు, ఈస్ట్ పడదని కూడా కాదు. ఈస్ట్‌ను అతని రోగనిరోధక శక్తి శత్రువుగా గుర్తుపెట్టుకుందని మాత్రమే. క్రోన్స్ ఉన్నవాళ్లలో ఈ యాంటీబాడీ ఎక్కువగా కనిపిస్తుందని 1980ల నుంచే తెలుసు. అందుకే డాక్టర్లు ఆ పరీక్ష రాస్తారు. అంటే మీ మరిది ఏ కాగితం చూపించి ఇది క్రోన్స్ కాదంటున్నారో, ఆ కాగితం క్రోన్స్ వైపే వేలు చూపిస్తోంది. అయితే దాని మాట కూడా ఆఖరి మాట కాదు. పేగు క్షయలోనూ అది పాజిటివ్ రావచ్చు. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

పెరటి గోడ కూలిందనుకోండి. రోజూ దారిన పోయే మేకలే లోపలికొస్తాయి. మేకలను అదిలిస్తే గోడ లేవదు. క్రోన్స్‌లో గోడ అంటే పేగు లోపలి పొర. అది పుండు పడితే, ఎప్పుడూ పక్కనుంచి పోయే ఈస్ట్ రోగనిరోధక శక్తి కంట్లో పడుతుంది. ఇక్కడ నిజాయితీగా ఇంకో మాట కూడా చెప్పాలి. లోపలికొచ్చిన మేకలు ఊరికే ఉండవు, చిక్కుడు పాదు మేస్తాయి. పేగు జబ్బున్న పిల్లల్లో ఫంగస్ రకాలు తగ్గి కాండిడా పెరిగిందని 2015లో అమెరికాలో ఫిలడెల్ఫియా పరిశోధకులు చూపించారు. తలలో చుండ్రుకు కారణమయ్యే మాలసేజియా అనే ఫంగస్ కొందరు క్రోన్స్ రోగుల పేగు పొర మీద కనబడిందని, ఎలుకల్లో అది వాపును పెంచిందని 2019లో లాస్ ఏంజెలెస్ నుంచి వచ్చింది. ఫంగస్‌ను గుర్తుపట్టే జన్యువుల్లో తేడాలున్నవారికి ఈ జబ్బు ముప్పు ఎక్కువని కూడా తెలుసు. కాబట్టి మీ మరిది ఊహ గాల్లోంచి వచ్చింది కాదు, పెద్ద పెద్ద ల్యాబుల్లో అదే ప్రశ్న మీద పని జరుగుతోంది. కానీ ఆ పరిశోధనలోంచి ‘పిల్లలకు ఫంగస్ మందు ఇస్తే క్రోన్స్ తగ్గుతుంది’ అనే వైద్యం ఇంకా రాలేదు. పిల్లల చికిత్సా మార్గదర్శకాల్లో అది లేదు. ల్యాబులో ఉన్న ప్రశ్నను మీ బాబు కడుపు మీద తేల్చుకోవద్దు.

ఒక చిన్న మాట, నవ్వుకోవడానికైనా. ఆ ప్రోబయాటిక్ ప్యాకెట్ వెనక చదవండి. మన మెడికల్ షాపుల్లో విరేచనాలకు ఇచ్చే పొడుల్లో ఒకటి ‘సాకరోమైసిస్ బౌలార్డీ’. అది కూడా ఈస్టే. మీది అదే అయితే, పొద్దున ఈస్ట్ తాగించి, రాత్రి ఈస్ట్‌ను చంపే మాత్ర వేస్తున్నారన్నమాట. నవ్వులాటకు మించిన సంగతి ఏంటంటే, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు మొదలయ్యాక ఆ పొడి అరుదుగానైనా రక్తంలోకి చేరి ప్రమాదం తెస్తుంది. డాక్టర్ చెప్పనిదే వాడకండి.

ఇడ్లీ మానడం వల్ల ఒరిగేది కూడా ఏమీ లేదు. పిండి పొంగేది ముఖ్యంగా బ్యాక్టీరియా వల్ల. పైగా ఆవిరి మీద ఉడికాక అందులో ఈస్ట్ బతికి ఉండదు. అసలు ఈస్ట్ పుష్కలంగా ఉన్నది కల్లులో. అన్నీ బంద్ చేసి అదొక్కటి ఉంచారు. అది మానిపించాల్సింది ఈస్ట్ కోసం కాదు. అది మత్తు, ఇతను చిన్నపిల్లవాడు, రేపు లివర్ మీద భారం పడే మందులు వాడాల్సినవాడు. దానికి తోడు కల్లులో మత్తుమందుల కల్తీ మన దగ్గర కొత్త సంగతి కాదు. అత్తమ్మకు ఈస్ట్ సంగతులు చెప్పకండి. "లివర్ మందు పడుతది, కల్లు తగలొద్దన్నరు" అంటే చాలు.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

ఇప్పుడు నడుస్తున్నట్టే ఇంకో రెండు నెలలు నడపడం ఒకటి. ఖర్చు తక్కువ, ఇంట్లో గొడవ ఉండదు. కానీ పుండు అలాగే ఉంటుంది, లోతుకు వెళ్తుంది. చిన్నపేగు చివర మచ్చ కట్టి సన్నబడితే అది మందులకు లొంగదు, ఆపరేషన్ దాకా పోతుంది. ఎదుగుదలకు కూడా గడువుంది. 11 ఏళ్ల వయసులో వాపు తగ్గితే పోయిన ఎత్తులో చాలా భాగం తిరిగొస్తుంది, యుక్తవయసు దాటిపోయాక రాదు. ఈ దారి మీకు సూచించలేను.

రెండోది, డాక్టర్ చెప్పిన ద్రవాహారం. ‘తిండి ఆపితే ఇంకా చిక్కిపోడా’ అని అడిగారు. ఇది పస్తు కాదు. అతనికి కావాల్సిన శక్తి, ప్రొటీన్, విటమిన్లు లెక్కగట్టి కలిపిన పూర్తి భోజనం, తాగే రూపంలో. పిల్లల క్రోన్స్‌లో దీన్నే మొదటి చికిత్సగా వాడతారు. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో పది మందిలో ఆరు నుంచి ఎనిమిది మందికి జబ్బు నెమ్మదిస్తుంది, బరువు పెరుగుతుంది, కొందరిలో పుండ్లు కూడా మానతాయి. స్టెరాయిడ్‌తో వచ్చే నష్టాలు ఉండవు. కష్టమల్లా పొడి ఖరీదు, రుచి, ఎదురుగా అందరూ తింటుంటే చూస్తూ కూర్చోవడం. షాపులో దొరికే మామూలు హెల్త్ డ్రింకు దీనికి బదులు కాదు. చల్లగా చేసి, మూత ఉన్న గ్లాసులో స్ట్రాతో, రోజుకు ఏడెనిమిది సార్లు కొంచెం కొంచెంగా ఇస్తే తాగగలుగుతారు. తాగలేకపోతే ముక్కు గొట్టం ద్వారా ఇస్తారు. వినడానికి భయంగా ఉంటుంది కానీ రెండు రోజుల్లో పిల్లలు అలవాటు పడతారు. మీ బాబు బాగా చిక్కిపోయాడు కాబట్టి మొదటి వారం పరిమాణం మెల్లగా పెంచాలి, రక్తంలో ఫాస్ఫరస్ లాంటివి చూడాలి. అందుకే ఇంట్లో మీకు మీరుగా మొదలుపెట్టకుండా డైటీషియన్ లెక్క ప్రకారమే పోండి.

మూడోది స్టెరాయిడ్. చవక, పని త్వరగా చేస్తుంది. పది రోజుల్లో బాబు లేచి ఆడుకుంటాడు, ఇంట్లో అందరూ నమ్ముతారు. కానీ ముఖం ఉబ్బుతుంది, ఎముకలు బలహీనపడతాయి, ఎదుగుదల ఇంకా వెనకబడుతుంది. పైపెచ్చు స్టెరాయిడ్ బాధను తగ్గించినంతగా పుండును మాన్పదు. ద్రవాహారం ఏ విధంగానూ కుదరకపోతే కొద్ది వారాలు వాడతారు. డాక్టర్ దీన్ని రాస్తే ఫ్లూకొనజోల్ సంగతి ముందే చెప్పాలి. ఆ మాత్ర కొన్ని స్టెరాయిడ్లను ఒంట్లో ఎక్కువసేపు నిలిచిపోయేలా చేస్తుంది.

జబ్బు తీవ్రంగా ఉంటే, ముఖ్యంగా మలద్వారం పక్కన పుండు, చీము ఉంటే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లతో మొదలుపెడతారు. మీ రిపోర్టుల్లో ఆ మాట లేదు కాబట్టి దాని గురించి ఇప్పుడు టెన్షన్ వద్దు. ఖర్చు మాటకొస్తే, ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు దగ్గర ఆరోగ్యశ్రీలో ఏది వస్తుందో, ఏది రాదో చేరకముందే అడిగి రాయించుకోండి.

ఏ దారి అయినా, దానికి ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. నా లెక్కలో మీ మరిది అడగాల్సింది ఇదే: "పేగు క్షయ కాదని ఎట్లా తేల్చారు?" మన దేశంలో క్రోన్స్, పేగు క్షయ అచ్చం ఒకేలా కనిపిస్తాయి, రెండూ చిన్నపేగు చివరే ఎక్కువగా పడతాయి. క్షయ ఉండగా రోగనిరోధక శక్తిని తగ్గించే మందు పడితే అది ఒళ్లంతా పాకుతుంది. బయాప్సీ ముక్క మీద క్షయ పరీక్షలు చేశారా, ఛాతీ ఎక్స్‌రే, చర్మం మీద గానీ రక్తంలో గానీ క్షయ పరీక్ష అయ్యాయా అని అడగండి. చేసే ఉంటారు, అయినా అడగండి. రెండో అభిప్రాయం కావాలనుకుంటే తప్పేమీ లేదు. పిల్లవాడిని మళ్లీ కొలనోస్కోపీకి పడుకోబెట్టక్కర్లేదు. బయాప్సీ స్లైడ్లు, ఆ ముక్కలను భద్రపరిచిన మైనం దిమ్మలు, స్కాన్ సీడీ అడిగితే ఇస్తారు. అవి పట్టుకుని పిల్లల పేగు జబ్బులు చూసే మరో డాక్టర్ దగ్గరికి వెళ్లొచ్చు. రెండు వారాల్లో తేల్చుకోండి, నెలలు పట్టనివ్వకండి.

అజథయోప్రిన్ గురించి రెండు ముక్కలు. అది పని చూపించడానికి రెండు మూడు నెలలు పడుతుంది. ‘వేసినా తగ్గలేదు’ అని మధ్యలో ఆపకండి. మనవాళ్లలో కొందరికి ఎన్‌యూడీటీ15 అనే జన్యువు తేడా వల్ల ఈ మందుతో తెల్లకణాలు ఒక్కసారిగా పడిపోతాయి. మొదలుపెట్టే ముందు ఆ పరీక్ష కుదురుతుందా అని అడగండి. చేసినా చేయకపోయినా మొదటి నెలల్లో రక్త పరీక్షలు తప్పవు. వాటికి హన్మకొండ చాలు, ప్రతిసారీ రైలెక్కక్కర్లేదు. బాబుకు ఆటలమ్మ టీకా పడిందో లేదో కూడా ముందే చూడండి. అలాంటి టీకాలు ఈ మందు మీద ఉండగా వేయరు.

ఫ్లూకొనజోల్ ఆపాలా అన్నారు. హైదరాబాద్ డాక్టర్ గదికి రేపే ఫోన్ చేసి, ఎన్ని రోజులు, ఎంత మోతాదు వేశారో చెప్పండి. ఫంగస్ జబ్బే లేనప్పుడు ఈ మాత్ర ఆపితే ఒంటికి వచ్చే ఇబ్బంది లేదు. కొనసాగిస్తేనే లివర్ పరీక్షల్లో తేడా రావచ్చు, రేపు అజథయోప్రిన్ మొదలుపెట్టాక ఆ తేడాకు ఏ మందు కారణమో తెలియని చిక్కు వస్తుంది. ఫంగస్ మందు నిజంగా అవసరమయ్యే రోజు రావచ్చు. మందులు వాడుతుండగా నోట్లో తెల్లటి పూత వచ్చినా, మింగితే ఛాతీలో మంట పుట్టినా చెప్పండి, అప్పుడు డాక్టరే రాస్తారు.

మరిది విషయంలో మీరు రెండు తీర్లుగా పోవచ్చు. ఒకటి, మస్కట్‌కు ఫోన్ చేసి భర్త చేత గట్టిగా చెప్పించడం. మాట నెగ్గుతుంది. కానీ ఎనిమిది వారాల ఇంటి యుద్ధంలో మీ పక్కన మనిషి ఉండడు. రాత్రి జ్వరమొస్తే బండి తీయాల్సింది మరిదే. రెండోది, ఆయన్నే హైదరాబాద్ తీసుకెళ్లడం. "నువ్వు చదివినవి నాకు అడగరాదు, నువ్వే అడుగు" అనండి. ఆ యాంటీబాడీ కాగితం ఆయన చేతిలోనే పెట్టండి, డాక్టర్ ఎదురుగా ఆయనే ఆ ప్రశ్న వేయనివ్వండి. అదే సమయానికి భర్తను వీడియో కాల్‌లో కలపండి. డాక్టర్ విసుక్కుంటారేమో, పడండి. మరిది అక్కడ కూడా ఒప్పుకోకపోతే మొదటి దారి ఎట్లాగూ ఉంది. నాకైతే రెండోదే నయమనిపిస్తుంది. ఆ పొడి డబ్బాలు తెప్పించడం, రక్త పరీక్షల తేదీలు రాసిపెట్టడం మెడికల్ షాపు మనిషికి అప్పజెప్పదగ్గ పనులు.

పెళ్లి సంగతి. అది అయ్యాక మొదలుపెడితే బాబు పెళ్లిలో తింటాడు, కానీ ఇంకో నెల పోతుంది. 25న్నర కిలోల పిల్లవాడికి నెల చిన్నది కాదు. ఇప్పుడే మొదలుపెడితే పెళ్లి రోజు ఫ్లాస్కు పట్టుకుని తిరగాలి, ప్రతి చుట్టానికీ జవాబు చెప్పాలి. ఎండాకాలం సెలవుల దాకా ఆగితే స్కూలు గొడవ ఉండదు గానీ ఆలస్యం ఇంకా పెరుగుతుంది. నేనైతే ఇప్పుడే మొదలుపెట్టి, పెళ్లికి తలంబ్రాల వేళకు వెళ్లి భోజనాల వేళకు వచ్చేస్తాను. ఆడపడుచుకు ముందే చెప్పుకోండి. ఈలోగా విడవకుండా జ్వరం, పచ్చటి వాంతులతో కడుపు బిగుసుకోవడం, ఎక్కువగా నెత్తురు పడటం, మలద్వారం పక్కన వాపు వీటిలో ఏది వచ్చినా హైదరాబాద్ అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. నేరుగా వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి ఎమర్జెన్సీకి పోండి.

మీరే పాడు చేశారా అన్నదానికి: చిన్నప్పటి నుంచి యాంటీబయాటిక్‌లు ఎక్కువగా వాడిన పిల్లల్లో ఈ జబ్బు కొంచెం ఎక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. కానీ అవే కారణమని తేలలేదు. జన్యువులు, తిండి, ఊరు, పేగులోని జీవులు అన్నీ కలిస్తే వచ్చేది ఇది. పైగా ఆ మూడు కోర్సులకు ముందే తూకం ఆగిపోయి ఉండొచ్చు, మీ బెల్లం లెక్క అటే వేలు చూపిస్తోంది.

ఉత్తరం చివర్లో రాశారు. "నా కడుపుల బూజు పట్టిందా మమ్మీ, మిగిలిన అన్నం లెక్క?" అని బాబు అడిగాడని, చెల్లెకు అంటుకుంటుందేమోనని తన గ్లాసు తనే వేరుగా దాచుకుంటున్నాడని. ఈ రాత్రికే చెప్పండి. బూజు పట్టలేదు, కడుపులో పుండు పడింది, మోకాలి మీద పుండు మానినట్టే దాన్నీ మాన్పుతారని. ఇది అంటుకునేది కాదు. చెల్లె అతని గ్లాసులోనే నీళ్లు తాగొచ్చు.